అవ్వ కోసం కొన్న కారు

మా అవ్వను ఆమె చెల్లెలి దగ్గరికి చేర్చడానికి మేం కారు కొన్నాం. షోకుకు కొన్నారని ఊళ్లో అన్నారు. అననీ. ఆ రోజుల్లో కోయంబత్తూరు జిల్లా మొత్తం మీద కార్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉండేవి. అవి కలెక్టరు దొరవి, మిల్లు దొరలవి, కొండమీద కాఫీ తోటల దొరలవి. పత్తీ జొన్నా పండించుకునే మాలాంటి వాళ్ల కొట్టంలో ఎడ్ల పక్కన ఒకటి వచ్చి నిలబడితే షోకు అనక ఇంకేమంటారు?

అసలు సంగతి వేరు. అవ్వ మా నాయనను కన్న తల్లి. ముందటేడు కొట్టంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. కట్టు కట్టే ఆయన గుడ్డు సొన, మినప్పిండి కలిపి పట్టు వేశాడు. ఎముక అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. కర్ర పట్టుకుని ఇంట్లోనూ వాకిట్లోనూ తిరిగేది. ఎద్దులబండి ఎక్కిందంటే మాత్రం ఒక్కో గుంతకూ ప్రాణం పోయి వచ్చేది. ఆమె చెల్లెలు, మాకు చిన్నవ్వ, ధారాపురం అవతల నల్లరేగడి ఊళ్లో ఉండేది. మా ఊరు తుడియలూరుకు పడమట. మధ్యన యాభై మైళ్లకు పైనే. ఆ దిక్కుకు రైలు లేదు.

పత్తి బండ్లతో వచ్చిన ఆ ఊరి మనిషి ఒకడు మా వాకిట్లో నిలబడి కబురు చెప్పాడు. "చిన్నవ్వ పడక పట్టేసిందయ్యా. గుక్కెడు కంజి తప్ప ఏమీ దిగలేదు. అక్కను ఒకతూరి చూడాల అని పొద్దుమాపూ అదే పాట."

అవ్వ ఏడవలేదు. "బండి కట్టండిరా" అంది. కట్టాం. నిండా గడ్డి పరిచి, దాని మీద రెండు పరుపులు వేసి పడుకోబెట్టాం. పొలిమేర దాటకముందే స్పృహ తప్పింది. వెనక్కి తిప్పుకొచ్చి మొహాన నీళ్లు చల్లితే కళ్లు తెరిచి, "యాల తిప్పినార్రా?" అని మమ్మల్నే తిట్టింది. డోలీ మోసేవాళ్లను అడిగితే అంత దూరం మావల్ల కాదు సామీ అన్నారు. అప్పుడు కారు మాట ఎత్తింది నేనే.

మేట్టుపాళయంలో ఒక కాఫీ తోట దొర సీమకు వెళ్లిపోతూ సామాన్లన్నీ అమ్ముతున్నాడని విని నాయనా నేనూ పోయాం. నాయన కారును ఎద్దును చూసినట్టే చూశాడు. చుట్టూ తిరిగాడు. చక్రాలను కాలితో తన్నాడు. ముందుకు వంగి దాని మొహంలోకి చూశాడు, ఏదైనా చెడ్డ సుడి ఉందేమోనని. "సుళ్లు బాగానే ఉండాయి" అన్నాడు నా చెవిలో. నవ్వాపుకోలేక చచ్చాను. బేరం కూడా ఎడ్ల సంత బేరమే. నాయన దొర బట్లరు చేతి మీద తుండుగుడ్డ కప్పి, దాని కింద వేళ్లు పట్టుకుని ధర అడిగాడు. బట్లరు మా వైపు మనిషే కాబట్టి సరిపోయింది. దొర మాత్రం ఈ ఇద్దరూ చేతులు పట్టుకుని ఏం చేస్తున్నారా అని పైపు నోట్లోంచి తీసి చూస్తూ ఉండిపోయాడు.

దొర డ్రైవరు దగ్గర నడపడం నేర్చుకుని నేనే తోలుకొచ్చాను. దారి పొడవునా కారు నీళ్లు తాగినంత సుళువుగా వచ్చింది. ఎక్కడా దగ్గలేదు, ఆగలేదు. మా అమ్మ దిష్టి తీసింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాం. అవ్వ కర్ర ఊనుకుంటూ వచ్చి రేడియేటరుకు పసుపూ కుంకుమా పెట్టి, "నన్ను నా చెల్లి దగ్గరికి తీసకపో నాయనా" అని దాని మొహం నిమిరింది. ఆ సాయంత్రమంతా కొట్టంలో దాని పక్కనే ఉండిపోయింది. ముసలామెకు ఆశ పుట్టిందని మేమూ పిలవలేదు.

మరునాడే బయలుదేరాం. మూడు మైళ్లు పోయామో లేదో రేడియేటరు మూత దగ్గర బుస్సుమని ఆవిరి లేచింది. ఇంజను లోపల సుత్తితో కొట్టినట్టు టంగుటంగుమని మోత. తర్వాత ఆగిపోయింది. మూత తీయబోయి చేయి కాల్చుకున్నాను. గంటసేపు చెట్టుకింద కూర్చుని, చల్లబడ్డాక నీళ్లు పోసి హ్యాండిల్ తిప్పితే మళ్లీ మొదలైంది. ఇంకో రెండు మైళ్లకు మళ్లీ అదే కథ. చివరికి ఎదురుగా వస్తున్న బండివాడు, "ఎన్నంగో, మాడు కట్టట్టుమా?" అని అడిగాడు. ఎడ్లు కట్టమంటారా అని! నాకు కోపం నషాళానికంటింది. ఏం లాభం? ఆ ఎడ్లతోనే ఇంటికి లాగించుకొచ్చాం. వెనక సీట్లో అవ్వ కారు తలుపును నిమురుతూ కూర్చుంది. తిట్టి ఉంటే నాకు కొంచెం నయంగా ఉండేది.

అప్పుడు మా బావకు కబురు పంపాం. బావ, అంటే మా అక్క మొగుడు, పోదనూరు రైలు షెడ్డులో ఫిట్టరు. రైలింజను కడుపులో దూరి పనిచేసిన మనిషి. అక్కనూ పెట్టెడు పనిముట్లనూ వెంటబెట్టుకుని దిగాడు. దిగీ దిగగానే కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "ఇంత దానికి ఇంత గోలా? మా రైలింజను దీనికి తాత. ఇది ఒక చేతి పని బామ్మర్దీ" అన్నాడు.

ఆ చేతి పని ఎన్నాళ్లు పట్టిందో చెబితే నవ్వుతారు.

స్టీరింగు కింద రెండు పుల్లలు ఉండేవి. ఒకటి పెట్రోలుకు, ఒకటి నిప్పురవ్వకు. రవ్వ ఆలస్యంగా పడితే ఇంజను వేడెక్కుతుందని దొర డ్రైవరు నాకు చెప్పి ఉన్నాడు. నేను దాన్ని సరిగ్గా పెట్టడం లేదని బావ తేల్చాడు. పెట్టి చూపించాడు. నడిపాం. ఉడికింది. రేడియేటరు వెనక ఫ్యాను తిప్పే తోలుపట్టీ వదులైందన్నాడు. బావి నుంచి నీళ్లు తోడే మోట తోలు పాతది ఒకటుంటే దాన్ని కోసి, కుట్టి, బిగుతైన పట్టీ చేశాం. ఫ్యాను జోరుగా తిరిగింది. ఇంజను ఉడికింది. కార్బురేటరు విప్పి కోడి ఈకతో సన్న రంధ్రాలు శుభ్రం చేశాం. ఉడికింది. ఉన్న నూనె తీసేసి కోయంబత్తూరు నుంచి కొత్త డబ్బా తెప్పించి పోశాం. అయినా ఉడికింది. ప్రతిసారీ అదే మేట్టుపాళయం రోడ్డు, అదే చింతచెట్ల వరస. ఆ పక్క తాటితోపులో కల్లు దించే వాళ్లు మా కోసం ఎదురుచూడటం మొదలుపెట్టారు.

"నీళ్లు కారిపోతున్నాయేమో బావా" అన్నాను ఒకరోజు.

"కారితే తెల్లారేసరికి నిండుగా ఎట్లుంటాయిరా? నిన్న ఉడికి సగం పోయినాయి. పొద్దున మూత తీస్తే అంచుదాకా ఉండాయి. నువ్వు పోసినావు కదా?"

"నేను నువ్వు పోశావనుకున్నా."

"ఎవురో ఒకరు పోసినారులే. కారలేదన్నది రుజువు" అని కొట్టిపారేశాడు.

మా అక్క ఒకసారి ముక్కు మూసుకుంటూ, "ఈ ఆవిరి ఏందిరా పశువుల కొట్టం వాసనొస్తుంది?" అంది. కొట్టంలో కట్టిన కారు కొట్టం వాసన రాక మల్లెపూల వాసన వస్తుందా అని కసిరాను. నాకు ముందునుంచీ ముక్కు మీద కోపం. దానికి తోడు తల ప్రాణం తోకకొచ్చి ఉంది.

ఈలోపల చిన్నవ్వ ఊరి నుంచి ఇంకో కబురు వచ్చింది. మాట తడబడుతోందట. కొన్నిసార్లు కొడుకులను కూడా పోల్చుకోలేకపోతోందట. "అక్క వచ్చిందా?" అన్నది మాత్రం అడుగుతూనే ఉందట. ఆ మాట చెప్పి ఆ మనిషి వెళ్లిపోయాడు. మా అమ్మ వంటింట్లోంచి, "వాన రాకడ, ప్రాణం పోకడ ఎవురికి తెలుసు?" అని ఎవరితోనో అన్నట్టు అంది. అవ్వ విననట్టు వత్తులు చేసుకుంటూ కూర్చుంది. నాకు బతుకు మీదే విసుగొచ్చింది. డబ్బు పెట్టి, ఊరి చేత నవ్వించుకుని, చివరికి ముసలామెను ఒక వాకిట్లోంచి ఇంకో వాకిట్లోకి చేర్చలేని కారు ఎందుకు, తగలబెట్టడానికా?

ఆ సాయంత్రం బావా నేనూ కొట్టంలో కూర్చుని ఉన్నాం. చేతులకు నూనె, మసి. బావ గొప్పలు కూడా అయిపోయాయి. "ఇంజను మొత్తం దించి మద్రాసుకు పంపాల్సిందే" అన్నాడు. మద్రాసుకు పోయి, బాగై, తిరిగొచ్చేదాకా చిన్నవ్వ ఉంటుందా? ఇద్దరికీ తెలుసు.

అప్పుడు అవ్వ వచ్చింది. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో ఇత్తడి చెంబు. "ఇంకా అలిగే ఉండాదా ఇది?" అంది.

"అవునవ్వా. ఎందుకో తెలీడం లేదు."

"నేనేమి తక్కువ చేసినారా దీనికి?" అంది అవ్వ, నిజంగా బాధపడుతూ. "వచ్చిన నాటినుంచీ పొద్దున ఒక చెంబు, మాపున ఒక చెంబు. తవుడు, పుణ్ణాకు కలిపి, చిటికెడు ఉప్పేసి పోస్తానే ఉండాను. నోరు చిన్నది పావం, గొంతుకు అడ్డం పడుతుందని గుడ్డలో వడకట్టి మరీ పోస్తాను."

బావ నన్ను చూశాడు. నేను బావను చూశాను.

"ఏమి పోస్తావు అవ్వా?"

"కుడితిరా! ఇంకేమి పోస్తారు?"

మా ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. కొత్తగా కొన్న ఎద్దు గాని, ఆవు గాని గడప దగ్గరికి రాగానే మొదటి కుడితి ఇంట్లో పెద్ద ఆడమనిషి చేత్తో తాగించాలి. బియ్యం కడుగు, గంజి, తవుడు, మేం పుణ్ణాకు అనే వేరుశెనగ చెక్క, అందులో ఇంటి ఉప్పు. ఆ ఉప్పు తిన్న జీవం ఇంటిని విడిచిపోదని, ఇంటి మనుషులకు ఎదురు తిరగదని నమ్మకం. అవ్వ తన చేత్తో ఆ కొట్టంలోకి ఎన్ని ఎడ్లను తెచ్చుకుందో! మొదటిరోజు నేను రేడియేటరు మూత తిప్పి నీళ్లు పోయడం ఆమె చూసింది. దాని నోరు ఎక్కడుందో ఆమెకు తెలిసిపోయింది. ఆ రాత్రికే మొదటి చెంబు పడింది.

బావ రేడియేటరు కింద బిళ్ల విప్పాడు. నీళ్లు రాలేదు. పుల్లతో పొడిస్తే చిక్కటి బూడిద రంగు జావ ముద్దలు ముద్దలుగా జారింది. ఇన్నాళ్లూ ఉడికి ఉడికి అది అంబలైపోయింది. సన్న గొట్టాలన్నిటిలోనూ అంటుకుని, గట్టిపడి, నీళ్లను తిరగనివ్వకుండా పట్టుకుంది. బావ వేలితో కొంచెం తీసి వాసన చూసి, నేల మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఉప్పు చాలిందో లేదో చూడు బామ్మర్దీ!" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. మండిపోయింది. ఇన్నాళ్లు! అరవడానికే నోరు తెరిచాను.

అవ్వ ఆ జావ వైపు, మా మొహాల వైపు చూసింది. ఆమెకు అర్థమైంది. "నేనే ఆపినానా దీన్ని?" అంది చిన్నగా. తర్వాత, కొంచెం పౌరుషంగానే, "ఇంటికొచ్చిన జీవానికి సుమ్మా ఒట్టి నీళ్లు పోస్తారట్రా ఎక్కడైనా?" అంది.

నేను వెళ్లి పెద్ద గుండిగలో నీళ్లు కాచాను.

రైలింజను బాయిలరు కడిగినట్టే కడుగుదామన్నాడు బావ. ఈసారి మాత్రం రైలు తెలివి పనికొచ్చింది. రేడియేటరును విప్పి తలకిందులుగా నిలబెట్టి, చాకలి సోడా కలిపిన మరిగే నీళ్లు పోసి నానబెట్టాం. తర్వాత బావి దగ్గరికి మోసుకుపోయి, కింది వైపు నుంచి పైకి నీళ్లు పట్టాం. మొదట జావ, తర్వాత పొట్టు, తర్వాత కలక నీళ్లు, చివరికి తేటనీళ్లు వచ్చాయి. ఇంజను లోపల నీళ్లు తిరిగే చోటునూ అట్లాగే కడిగాం. బిగించి చింతచెట్ల దాకా నడిపి చూశాం. చెట్లు దాటింది. కల్లు దించే వాళ్లు తాటిచెట్ల మీద నుంచే చేతులూపారు. మేట్టుపాళయానికి సగం దారి పోయి తిప్పుకొచ్చాం. మూత ముట్టుకుంటే వేడిగా ఉంది, అంతే.

మరునాడు కోడికూతకే బయలుదేరాం. నేను నడిపాను. బావ పక్కన నీళ్ల డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. వెనక మెత్తలు పరిచి అవ్వను పడుకోబెట్టాం. పది మైళ్లకోసారి ఆపి మూత తీసి చూసేవాణ్ని. ఆపినప్పుడల్లా వెనకనుంచి, "ఒట్టి నీళ్లే పోయండిరా నాయనా!" అనేది. పల్లడం దాటాక రోడ్డు చెడ్డది. గుంతకో మూలుగు వినబడింది. "ఆపనా అవ్వా?" అంటే, "ఆపితే సరిపోతాదా? పో సీక్రం" అనేది. నాకు ఇంజను మోత వినబడటం లేదు. ఆ మూలుగే వినబడుతోంది.

వాన పడి ఉంటే ఆ నల్లమట్టిలో చక్రం కదిలేది కాదు. దేవుడి దయ, పడలేదు. మధ్యాహ్నానికి చిన్నవ్వ వీధిలో ఆగాం. ఆమె పెద్దకొడుకు పరుగెత్తుకొచ్చాడు. అవ్వ అతన్ని బాగున్నావా అని అడగలేదు.

"ఉండాదా?" అంది.

"ఉండాది పెద్దమ్మా."

అవ్వ కళ్లు మూసుకుంది. అప్పుడు ఏడ్చింది. అంతవరకూ ఒక్క చుక్క రాల్చని మనిషి.

దింపబోతే తుంటి బిగుసుకుపోయి ఉంది. ముట్టుకుంటేనే కేక. కొడుకులు లోపలికి పోయి చిన్నవ్వను మంచంతో సహా మోసుకొచ్చి కారు తలుపు పక్కన దించారు. పిడికెడు మనిషి. అవ్వ వంగి ఆమె చేయి అందుకుంది. చిన్నవ్వ చాలాసేపు చూసింది. పోల్చుకోలేదేమోనని భయపడ్డాను.

"ఇప్పుడా అక్కా వచ్చేది?" అంది చిన్నవ్వ.

"ఏమి చేసేదే? నీకేమో కంజి తప్ప దిగదు. దీనికేమో కంజి పోస్తే ఒళ్లు చెడింది" అంది అవ్వ. జరిగిందంతా చెప్పింది. చిన్నవ్వ నోట పళ్లు లేవు, ఒంట్లో బలం లేదు, అయినా నవ్వింది. నవ్వుతుంటే దగ్గొచ్చింది. "నన్నూ ఎక్కించండిరా" అంది. వద్దమ్మా, ఓర్వలేవు అన్నారు కొడుకులు. "ఇంక ఓర్చుకుని దాచిపెట్టుకునేది ఏముండాదిరా?" అంది.

ఎత్తి అవ్వ పక్కన కూర్చోబెట్టాం. బావ హ్యాండిల్ తిప్పాడు. వీధి చివరిదాకా మనిషి నడకన పోనిచ్చాను. తిప్పబోతే వెనకనుంచి చిన్నవ్వ, "ఇంకొంచెం పోనీరా" అంది. పత్తి చేల మధ్య బండిబాట ఎంతవరకు ఉంటే అంతవరకు పోయాం. వెనక ఇద్దరూ చిన్నప్పటి గొడవ ఏదో తీశారు. వాళ్ల అమ్మ చేతి వెండి మురుగు ఎవరికి ఇస్తానన్నదో, ఎవరికి ఇచ్చిందో. తిరిగి వీధిలోకి వచ్చేదాకా తేలలేదు.

అవ్వను అక్కడే వదిలి వచ్చాం. చిన్నవ్వ ఆ నెల దాటలేదు. దినాలు అయ్యాక పోయి అవ్వను తీసుకొచ్చాను. దారిలో ఎక్కడా ఆపమనలేదు.

ఆ తర్వాత కారు మమ్మల్ని ఒక్కరోజు కూడా ఏడిపించలేదు. పెళ్లిళ్లకు, సంతకు, కోర్టుకు, ఎక్కడికంటే అక్కడికి పోయింది. బావ పోదనూరులో దాని గురించి గొప్పలు చెప్పుకున్నాడు. ఒక పండగ పొద్దున నేను దాన్ని కడిగి, వాకిట్లో నిలబెట్టి, అవ్వ కోసం మెత్తలు సర్ది, "రా అవ్వా, పేరూరు పోయి స్వామిని చూసి వస్తాము. ఇప్పుడు వెన్నలా పోతుంది" అన్నాను. అవ్వ అరుగు మీద కూర్చుని కారును బాగానే చూసింది.

"బాగైంది నాయనా, సంతోషం. మీరు పోయి రాండి" అంది. "నేను ఎక్కి ఎవురిని చూసేదానికి పోవాల?"